డిస్టార్షన్ వేస్తే రొద తప్ప పలుకు రావట్లేదు, పెడల్ మార్చాలా?

ప్రశ్న అడిగిన గుంటూరు మిత్రుడి పరిస్థితి క్లుప్తంగా ఇదీ. రెండు హంబకర్లు (జంట కాయిల్ పికప్‌లు) ఉన్న గిటార్, బాస్ (Boss) కంపెనీ డీఎస్-1 డిస్టార్షన్ పెడల్, ఇంట్లో 10 వాట్ల ప్రాక్టీస్ యాంప్. గదిలో ఒక్కరే వాయించుకుంటే పరవాలేదు. కాలేజీ బ్యాండ్‌తోనో చర్చిలోనో వాయిస్తే మాత్రం, అక్కడ పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌లోకి లైన్ ఇస్తున్నారు కాబట్టి, గిటార్ అంతా జుయ్‌మని కందిరీగల మోతలా ఉంటోంది, లేదంటే డ్రమ్స్ మొదలయ్యాక అసలు వినపడట్లేదు. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకేలా వస్తోంది. ఇంకా ఖరీదైన పెడల్ కొనాలా అని అడిగారు. ఫజ్ అనే మరీ గరుకు రకం పెడల్ గురించీ, ట్యూబులతో (గాజు వాల్వులతో) నడిచే యాంప్ కొనుక్కోవడం గురించీ కూడా రాశారు.

వద్దు. ఆ డబ్బులు దాచుకోండి, ఉన్న పెడల్‌తోనే చాలావరకు దారికొస్తుంది. గెయిన్ (పెడల్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) సగానికి తగ్గించండి, మిడ్స్ (నడిమి ఫ్రీక్వెన్సీలు) పెంచండి, గిటార్ స్పీకర్ గానీ క్యాబ్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకర్ పెట్టె శబ్దాన్ని అనుకరించేది) గానీ మధ్యలో లేకుండా డిస్టార్షన్‌ని మిక్సర్‌లోకి పంపకండి, గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్ వాడటం అలవాటు చేసుకోండి. వీటిలో మిక్సర్ సంగతే మీకు అన్నిటికన్నా పెద్ద తేడా చూపిస్తుంది, అందుకే దాంతోనే మొదలుపెడతాను. నేను విజయవాడలో ఏళ్లుగా స్టేజీల మీద వాయిస్తూ, గిటార్లూ యాంప్‌లూ రిపేరు చేస్తూ ఉన్నాను. "టోన్ బాగా రావట్లేదు" అంటూ నా దగ్గరికి తెచ్చే సెటప్పుల్లో ఎక్కువ వాటికి లోపం పెడల్లో ఉండదు.

గిటార్ యాంప్‌లలో వాడే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. పాటలు వినే సౌండ్ బాక్సుకైతే అది లోపం, డిస్టార్షన్ గిటార్‌కి మాత్రం అదే కావాలి. ఎందుకంటే డిస్టార్షన్ పెడల్ మీ స్వరానికి పైన బోలెడన్ని హార్మోనిక్స్ (ఆ స్వరం ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతలు అలా ఉండే పై స్వరాలు) తయారుచేస్తుంది, అవి 8, 10 కిలోహెర్ట్జ్ దాకా, ఇంకా పైకి కూడా పోతాయి. ఆ పై భాగంలో సంగీతం దాదాపు ఉండదు, గరగర మాత్రమే ఉంటుంది. గిటార్ స్పీకర్ దాన్ని వడకట్టి మనకి వినిపిస్తుంది. చర్చిలోనో ఆడిటోరియంలోనో ఉండే సౌండ్ బాక్సుల్లో ట్వీటర్లు, హార్న్‌లు ఉంటాయి, అవి 15 కిలోహెర్ట్జ్ పైదాకా శుభ్రంగా పలుకుతాయి కాబట్టి మీ పెడల్లోంచి వచ్చే చెత్త మొత్తం జనానికి చేరుతుంది. మీకు వినపడుతున్న ఆ జుయ్ ఇదే. ఎంత ఖరీదైన డిస్టార్షన్ పెడల్ తెచ్చి ఇలాగే కలిపినా దాదాపు ఇలాగే ఉంటుంది.

దీనికి దారులు మూడు. మీ చిన్న యాంప్‌ని స్టేజి మీద పెట్టి దాని ముందు మామూలు డైనమిక్ మైకు ఒకటి పెట్టించడం మొదటిది. మైకు గ్రిల్‌కి రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి, స్పీకర్ నడిమధ్యకి గురిపెడితే కరుకుగా వస్తుంది, కాస్త పక్కకి జరిపితే మెత్తబడుతుంది. సౌండ్ అబ్బాయి వేరే పనిలో ఉన్నా సరే, ఆ జరపడం మాత్రం మీరే చెవితో విని చేయండి. రెండో దారి, పెడల్ తర్వాత క్యాబ్ సిమ్యులేటర్ పెట్టడం. చవక రకం మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్‌లో కూడా ఇప్పుడు ఆ సదుపాయం ఉంటోంది, దాంట్లో క్యాబ్ బ్లాక్ ఒక్కటే ఆన్ చేసి డీఎస్-1ని దాని ముందు పెట్టుకున్నా పని జరుగుతుంది. మూడోది ఏమీ లేనప్పుడు చేసేది: డిజిటల్ మిక్సర్ అయితే మీ ఛానల్‌కి హై కట్ 5 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టమనండి. పాత అనలాగ్ మిక్సర్‌లో హై నాబ్ మొత్తం తగ్గించినా అది ఎక్కువగా 10, 12 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలే కోస్తుంది కాబట్టి దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకుండా పెడల్ మీద టోన్, డిస్ట్ (గెయిన్ నాబ్) రెండూ బాగా తగ్గించుకోండి.

గుంటూరులోనే ఒక చర్చి గిటారిస్టుకి దీనికి తిరగేసిన కష్టం వచ్చింది. ఆయన దగ్గర మల్టీ ఎఫెక్ట్స్ ఉంది, ఇంట్లో యాంప్‌లోకి కలిపితే దుప్పటి కప్పినట్టు మూసుకుపోయి వినపడేది, అందుకని క్యాబ్ సిమ్యులేషన్ ఆపేశారు. ఇంట్లో బాగానే కుదిరింది, ఆదివారం మిక్సర్‌లోకి కలిపేసరికి చెవులు చిల్లులు పడ్డాయి. అదే ప్యాచ్‌ని (సేవ్ చేసుకున్న సెట్టింగ్‌ని) రెండుగా సేవ్ చేయించాను, యాంప్‌కి వెళ్లేదాంట్లో క్యాబ్ ఆఫ్, మిక్సర్‌కి వెళ్లేదాంట్లో క్యాబ్ ఆన్. అంతే, ఇంకేమీ ముట్టుకోలేదు.

ఇక గెయిన్. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకేలా ఉందన్నారు చూశారా, ఆ మాట చదవగానే మీ డిస్ట్ నాబ్ (దాని గీతని గడియారం ముల్లులా చూస్తే) మూడు గంటల దగ్గరో ఇంకా పైనో ఉందని అర్థమైంది. డిస్టార్షన్ అంటే సిగ్నల్‌ని పెంచి పెంచి, ఒక హద్దు దాటిన తలల్ని కోసేయడం. మీ డీఎస్-1 1978లో వచ్చిన డిజైన్, దాంట్లో డయోడ్లు ఆ తలల్ని నిక్కచ్చిగా కోసేస్తాయి. గెయిన్ మరీ ఎక్కువైతే మీరు గోటితో తాకినంత చిన్న శబ్దం కూడా ఆ హద్దుకి తగిలేస్తుంది, గట్టిగా మీటినదీ అక్కడికే వెళ్లి ఆగుతుంది. మరి రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? మీ వేలు చెప్పేదంతా ఆ కోతలో పోతోంది. గెయిన్ తగ్గిస్తే మెల్లగా మీటింది హద్దు కిందే ఉండి దాదాపు క్లీన్‌గా వస్తుంది, గట్టిగా మీటినప్పుడే గరుకు పుడుతుంది. పలుకు అంటూ ఉందంటే ఈ రెండింటి మధ్య ఉన్న చోటులోనే ఉంది.

ఇంట్లో ఇలా చేసి చూడండి. యాంప్ క్లీన్ ఛానల్‌లో ఉండాలి, యాంప్ డిస్టార్షన్ మీద మళ్లీ పెడల్ డిస్టార్షన్ వేయకండి. పెడల్ మీద డిస్ట్ 10 గంటల దగ్గర, టోన్ కూడా 10 గంటల దగ్గర, లెవెల్ మాత్రం పెడల్ ఆన్ చేస్తే శబ్దం కొద్దిగా పెరిగేంత. గిటార్ వాల్యూమ్ 10 మీద పెట్టి బ్రిడ్జ్ పికప్‌లో ఒక స్వరం గట్టిగా మీటండి. తర్వాత వాల్యూమ్‌ని 6కి దించి అదే స్వరం మీటండి. శబ్దం కొంచెమే తగ్గి, గరుకు మాత్రం చాలా తగ్గాలి. 4 దగ్గర దాదాపు క్లీన్ అయిపోవాలి. ఇలా జరగట్లేదంటే డిస్ట్ ఇంకా ఎక్కువగా ఉన్నట్టే. జరుగుతోంది గానీ వాల్యూమ్ దించినప్పుడు టోన్ మొద్దుబారుతోందంటే అది గిటార్ లోపలి వైరింగ్ స్వభావం, వాల్యూమ్ పాట్ మీద చిన్న ట్రెబుల్ బ్లీడ్ కెపాసిటర్ టంకం వేయిస్తే సరిపోతుంది, చాలా చిన్న ఖర్చు. ఆ ఒక్క నాబ్‌తో పాట మొత్తం నడిపించొచ్చు: పల్లవికి ముందు రిథమ్ 5 మీద, పల్లవిలో 7 మీద, లీడ్ వచ్చినప్పుడు 10. కుడిచేతి చిటికెన వేలు నాబ్ మీదికి చేరడం మొదట్లో కష్టంగానే ఉంటుంది, పట్టుబట్టి అలవాటు చేసుకోండి.

తక్కువ గెయిన్‌తో వాయిస్తే పల్చగా ఉంటుందని భయం వద్దు. గదిలో ఒక్కరే ఉన్నప్పుడు పల్చగా అనిపించేది బేస్ గిటార్, కీబోర్డు, డ్రమ్స్ కలిశాక నిండుగా వినిపిస్తుంది.

కార్డ్స్ విషయంలో ఒక లెక్క చెబుతాను, ఇది తెలిస్తే చాలా తికమక పోతుంది. డిస్టార్షన్‌లోకి రెండు స్వరాలు కలిపి పంపితే వాటి ఫ్రీక్వెన్సీల తేడా కూడా కొత్త స్వరంగా పుడుతుంది. 5వ తీగ ఓపెన్‌గా మీటితే 110 హెర్ట్జ్. దాని పంచమం సుమారు 165. తేడా 55, అంటే సరిగ్గా కింది ఆక్టేవ్‌లో అదే షడ్జమం. షడ్జమ పంచమాలు మాత్రమే ఉండే పవర్ కార్డ్ అంత బరువుగా, ఒకే గొంతులా వినపడటానికి కారణం ఇదే. అదే 110తో పాటు అంతర గాంధారం (మేజర్ థర్డ్) వేయండి, ఫ్రెట్ల మీద అది సుమారు 138.6. తేడా 28.6 వస్తుంది. కింద ఉండాల్సిన షడ్జమం 27.5, దానికీ ఇదీ కలవక కొట్టుకుంటాయి. ఇలాంటివి పుట్టుకొస్తాయి కాబట్టే ఆరు తీగల మేజర్ బార్ కార్డ్ మీద ఎక్కువ గెయిన్ వేస్తే బురదలా అయిపోతుంది. మీరు చర్చిలో వాయించేవి ఎక్కువగా నిండు మేజర్, మైనర్ కార్డ్స్ అయితే గెయిన్ 9 గంటలు దాటనివ్వకండి, లేదంటే రెండు మూడు తీగలకే పరిమితం కండి. కీబోర్డు ఎలాగూ గాంధారం వాయిస్తూనే ఉంటుంది, దాన్ని గిటార్‌లో వదిలేసినా పాటకేం తగ్గదు.

డ్రమ్స్ మొదలయ్యాక వినపడకపోవడం మిడ్స్ సమస్య. గిటార్ అసలు బతికేది సుమారు 400 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య. బేస్ గిటార్, కిక్ డ్రమ్ దానికి కింద, సింబల్స్ దానికి పైన ఉంటాయి. ఇంట్లో తక్కువ శబ్దంతో వాయించేటప్పుడు మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి, అందుకని అందరూ ఆ రెండూ పెంచి మిడ్స్ తగ్గించేస్తారు. అదే సెట్టింగ్‌ని స్టేజి మీదికి తెస్తే కింద బేస్ గిటార్‌తో, పైన సింబల్స్‌తో పోట్లాట, నడుమ ఖాళీ. పైగా డీఎస్-1 టోన్ నాబ్ మధ్యలో ఉన్నప్పుడు సరిగ్గా ఆ మిడ్స్‌కే గుంట పెడుతుంది. టోన్ 10 గంటల వైపు తిప్పమన్నది అందుకూ పనికొస్తుంది. యాంప్ మీద బేస్ 10 గంటలకి దించండి, మిడిల్ 2 గంటలకి పెంచండి. ఇంట్లో వింటే ముక్కుతో పాడినట్టుంటుంది, బ్యాండ్‌లో మాత్రం మీ గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పనుండదు.

నిజంగా ఒక పెడల్ కొనే తీరాలని ఉంటే డిస్టార్షన్ ఇంకోటి తీసుకోకండి, డీఎస్-1 ముందు పెట్టడానికి మెత్తటి ఓవర్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. 1970ల చివర్లో వచ్చిన ఐబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ ఈ రకానికి పెద్దన్న. అది బేస్ తగ్గించి 720 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్స్‌ని ముందుకు తెస్తుంది, డయోడ్లు తలల్ని నిక్కచ్చిగా కోయకుండా గుండ్రంగా వంచుతాయి. బాస్ వాళ్ల పసుపు రంగు ఎస్‌డీ-1 కూడా ఇదే కుటుంబం, కాకపోతే పై తలనీ కింది తలనీ సమానంగా కోయదు, దానివల్ల సరి సంఖ్య హార్మోనిక్స్ కూడా కలిసి గొంతుకి వేరే నిండుదనం వస్తుంది. ఏదైనా సరే డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ ఎక్కువ పెట్టి డీఎస్-1లోకి తోయండి. కింది తీగల మీద చేతి అంచు ఆనించి మ్యూట్ చేసి వాయిస్తే బిగువుగా వస్తుంది, లీడ్‌లో స్వరం ముందుకు వస్తుంది.

ఫజ్ గురించి కూడా అడిగారు. పుట్టుకలో అది పాడైపోయిన పరికరం శబ్దమే: 1960ల మొదట్లో అమెరికాలో నాష్‌విల్‌లో రికార్డింగ్ జరుగుతుండగా మిక్సర్ ఛానల్ చెడిపోయి ఒక వింత గరుకు శబ్దం వచ్చింది, దాన్ని కావాలని పుట్టించడానికి 1962లో మాస్ట్రో ఫజ్ టోన్ అనే పెడల్ వచ్చింది. ఒంటి స్వరాల మీద అద్భుతం, కార్డ్స్ మీద కష్టం. మీ బ్యాండ్ వాయించే పాటలకి ఇప్పుడే అవసరం లేదు. ఒకవేళ పాతకాలం ఫజ్ ఫేస్ రకం తీసుకుంటే అది గిటార్ తర్వాత మొట్టమొదట ఉండాలి, బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే సర్క్యూట్) ఉన్న పెడల్ దాని ముందుంటే వాల్యూమ్ నాబ్‌తో ఆడుకునే గుణం పోతుంది.

కాలేజీ ఫెస్టుల్లో అద్దె యాంప్ ఇస్తే అది రోలాండ్ జేసీ-120 అయ్యే అవకాశం చాలా ఉంది. గట్టి యాంప్, క్లీన్‌కి దానికి తిరుగులేదు, కానీ డిస్టార్షన్ పెడల్‌తో కరుకుగా ఉంటుంది. బ్రైట్ స్విచ్ ఆఫ్ చేసి, ట్రెబుల్ బాగా తగ్గించి, లో ఇన్‌పుట్‌లో పెట్టండి. సౌండ్ చెక్‌లో యాంప్ పక్కన నిలబడి మోకాళ్లతో వినకుండా నాలుగడుగులు ముందుకెళ్లి, స్పీకర్ ఎత్తుకి చెవి వంచి ఒకసారి వినండి. మీకు మెత్తగా అనిపిస్తున్నది ముందు వరసలో వాళ్లకి సూదుల్లా గుచ్చుతూ ఉండొచ్చు.

చేతుల గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. డిస్టార్షన్ ఇచ్చే అసలు వరం స్వరం నిలబడటం. క్లీన్ గిటార్‌లో మీటిన క్షణం నుంచే శబ్దం జారిపోతుంది, గమకం వేద్దామంటే రెండో ఊపు వచ్చేసరికి స్వరం మిగలదు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మామూలు మాండొలిన్ వదిలి ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. ఆయన టోన్ డిస్టార్షన్ కాదు, అయినా గమకానికి స్వరం నిలబడటం ఎంత అవసరమో ఆయన్ని వింటే తెలుస్తుంది. మీకు డిస్టార్షన్ ఆ నిలకడని ఊరికే ఇస్తోంది, దాన్ని వాడుకోండి. 3వ తీగ 7వ ఫ్రెట్ పట్టుకుని మీటి, నెమ్మదిగా 9వ ఫ్రెట్ స్వరం దాకా తీగ లాగండి. ఒక వేలితో కాదు, ఉంగరపు వేలి వెనక మిగతా రెండు వేళ్లూ దన్నుగా ఉండాలి. పైకి చేరాక ఆగి, శ్రుతి కుదిరిందో లేదో విని, అప్పుడే ఊపండి. చేరకముందే ఊపితే డిస్టార్షన్‌లో అపస్వరం పదింతలు వినిపిస్తుంది. వాయించని తీగల్ని మాత్రం ఎడమ చూపుడు వేలి అడుగుతో, కుడి అరచేతి అంచుతో నొక్కిపట్టి ఉంచాలి. నాయిస్ గేట్ (వాయించనప్పుడు రొదని ఆపేసే) పెడల్ కొన్నా ఈ పని అది చేయలేదు, ఎందుకంటే మీరు వాయిస్తున్నంతసేపూ గేట్ తెరిచే ఉంటుంది.

టోన్ చెడిందని వచ్చే గిటార్లలో నేను మొదట చూసేది ఇంటొనేషన్ (ఫ్రెట్ల మీద శ్రుతి సరిగ్గా పలకడం), పికప్ ఎత్తు. 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం, అక్కడి హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటే స్వరం) ట్యూనర్ మీద ఒకటే చూపించాలి. తీగని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కితే పికప్‌కీ తీగకీ మధ్య 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఔట్‌పుట్ కోసమని పికప్‌ని తీగలకి ఆనించేంత పైకి లేపేస్తుంటారు, అప్పుడు అయస్కాంతం తీగని లాగి స్వరం వణుకుతుంది, నిలబడదు. మన ఎండలకి చేతి చెమటతో తీగలు తొందరగా తుప్పు పడతాయి, తుప్పు పట్టిన తీగకి ఇంటొనేషన్ ఎంత తిప్పినా కుదరదు, ముందు తీగలు మార్చి తర్వాత చూడండి.

గెయిన్ పెంచితే హమ్ కూడా పెరుగుతుంది. పెడల్‌ని అడాప్టర్ తీసి 9 వోల్టుల బ్యాటరీ మీద నడిపి చూడండి. రొద పోతే దోషం అడాప్టర్‌ది. పోకపోతే గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్ లైట్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: హమ్ పోతుందని యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను ఎప్పుడూ తీసేయకండి. కొన్ని హాళ్లలో, టెంట్ల కింద వేసే స్టేజీల్లో ఎర్తింగ్ ఉండదు. గిటార్ తీగల మీద చెయ్యి, మైకుకి పెదవి తగిలితే షాక్ కొడుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. నేను మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి గిటార్ తీగకీ మైకు గ్రిల్‌కీ మధ్య కొలవకుండా పాడేవాళ్లని స్టేజి ఎక్కనివ్వను. అందులో వోల్టులు కనపడితే ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా మైకు ముట్టుకోకండి.

చివరగా, ట్యూబ్ యాంప్ కొనుక్కోవాలని ఉందన్నారు. మంచిదే, పెడల్ ఇవ్వలేని స్పందన దాంట్లో ఉంది. ఇంటికీ చిన్న స్టేజీకీ 5 నుంచి 15 వాట్లు చాలు. శబ్దం రెండింతలు వినపడాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి కాబట్టి 50 వాట్ల యాంప్ 15 వాట్ల దానికంటే మీరనుకునేంత పెద్దగా ఏమీ ఉండదు, కానీ దాన్ని ఇంట్లో ట్యూబులు పలికేంత పెంచలేరు. అమెరికా నుంచి బంధువులెవరైనా తెస్తామంటే వెనక ప్లేటు మీద ఎన్ని వోల్టులని రాసుందో ఫొటో తెప్పించుకోండి. 120 అని మాత్రమే ఉంటే మన 230లో నేరుగా పెట్టకూడదు, యాంప్ వాట్లకి తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాన్ని మీరు విప్పి చూడకండి, లోపల కెపాసిటర్లలో కొన్ని వందల వోల్టులు స్విచ్ ఆపాక కూడా నిలిచి ఉంటాయి. ముందు పైన చెప్పిన మిక్సర్ సంగతి ఈ ఆదివారం సరిచేసి, డిస్ట్ 10 గంటల మీద వాయించి ఎలా ఉందో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి యాంప్ మాట మాట్లాడదాం.